ఓనరుగా నా అభ్యంతరాలు

'అమృతం' అనే హాస్య సీరియల్ మీద నాకు యాజమాన్య హక్కులున్నాయి. కాగితాలు అడక్కండి. 2001 నవంబరు 18 నుంచి 2007 నవంబరు 18 దాకా ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి జెమినీ టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అదే నా దస్తావేజు. పన్నెండేళ్ళు అనుభవంలో ఉంటే పరాయివాడి పొలమైనా మనదే అనొచ్చని మా ఊళ్ళో పెద్దమనుషులు అంటుంటారు. నావి ఆరేళ్ళే గానీ, తర్వాత యూట్యూబ్‌లో అవే భాగాలు తిప్పి తిప్పి చూసిన కాలం కలిపితే పన్నెండు ఎప్పుడో దాటిపోయింది. గుణ్ణం గంగరాజు గారు తీశారంటారా? ఇల్లు మేస్త్రీ కడతాడు. అంతమాత్రాన అది మేస్త్రీది అయిపోతుందా!

అలాంటి నన్ను ఒక్కమాట అడక్కుండా 2020లో 'అమృతం ద్వితీయం' అని జీ5లో మళ్ళీ మొదలుపెట్టారు. ఓనరుకి చెప్పకుండా గోడకి మేకు కొడితేనే ఊరుకోం, ఏకంగా పై అంతస్తు లేపేశారు. అంతకుముందు 2014లో ఇదే బృందం సినిమా అని చెప్పి సీరియల్‌లోని నా హోటల్ అమృత విలాస్‌ని పట్టుకెళ్ళి చందమామ మీద పెట్టింది. సరే, అద్దెలు ఎక్కువున్నాయి, ఎక్కడో చోట బతకనీ అని అప్పుడు ఊరుకున్నాను. మెతకగా ఉంటే ఇలాగే ఉంటుంది.

ముహూర్తం విషయంలో మాత్రం నాకు పేచీ లేదు. 2020 మార్చి 25, ఉగాది, లాక్‌డౌన్ మొదటి రోజు. దేశం మొత్తం మీద కూర్చుని ఇడ్లీ తినడానికి ఒక్క హోటల్ తెరిచి లేని రోజున అమృత విలాస్ షట్టర్ పైకెత్తింది. ఇది ఎవరూ కావాలని చేసింది కాదని తెలుసు. కానీ అచ్చం ఆ హోటల్ నడిపే అమృతరావు బుర్రలో పుట్టిన బిజినెస్ ఐడియాలా ఉంది. పాత్రకు ఇంత న్యాయం చేసిన విడుదల తేదీ ఇంకోటి నేను చూడలేదు.

సీరియల్ మొదట్లో వచ్చే పాట దగ్గరే నాకు కడుపు మండింది. సిరివెన్నెల రాసి, కల్యాణి మాలిక్ బాణీ కట్టిన ఆ పాటని మేం పాటగా ఎప్పుడూ వినలేదు. అది మాకు బడిగంట. వీధి చివర ఎవరింట్లో మొదలైనా చాలు, అన్నం తింటున్నవాడు చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చేవాడు. సరిగ్గా ఆ టైముకి వచ్చిన చుట్టాన్ని 'ఏం, ఇప్పుడే వచ్చారా' అని పలకరించేవాళ్ళం. అందులో ఉన్న బాధ వాళ్ళకి అర్థమయ్యేది కాదు. ఇప్పుడు భాగం మొత్తం ఫోన్‌లోనే ఉంటుంది. ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు చూడొచ్చు, పాటని బొటనవేలితో నెట్టేయొచ్చు. పరిగెత్తక్కర్లేనప్పుడు అది అమృతం ఎలా అవుతుందో పెద్దలు ఆలోచించాలి.

ఇక మనుషుల సంగతి. నేను మార్పుకి వ్యతిరేకిని కాను. అమృతరావుగా ముందు శివాజీ రాజా వచ్చాడు, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. అతని భార్య సంజీవిని పాత్ర కూడా ఝాన్సీతో ఆగలేదు. మొగుడి ముఖం మారితే పెళ్ళాం అడగలేదు, పెళ్ళాం ముఖం మారితే మొగుడు గమనించలేదు, ఇంటి ఓనరు అప్పాజీ మాత్రం ముఖం ఎవరిదైనా అద్దె అడుగుతూనే ఉన్నాడు. మేమూ కిక్కురుమనలేదు. వాటాలో మనుషులు మారుతూండటం ఓనరుకి అలవాటే కదా.

కానీ అమృతరావు స్నేహితుడు ఆంజనేయులు మారలేదు. ఐడియా అమృతరావుది, తన్నులు ఆంజనేయులువి. ఈ పడవ మునుగుతుందని తెలుసు, తెలిసీ ఎక్కుతాడు. ఎక్కేముందు స్నేహితుడి వంక ఒక్కసారి చూస్తాడు. గుండు హనుమంతరావు ముఖంలో ఆ చూపు ఉండేది. 2018 ఫిబ్రవరిలో ఆయన పోయారు. ద్వితీయంలో ఆ పాత్ర ఎల్.బి. శ్రీరాం చేశారు. ఆయనకి వంక పెట్టేంతటివాణ్ణి కాను. అయినా అమృతరావు 'ఆంజనేయులూ' అన్నప్పుడల్లా నా కళ్ళు తలుపు వైపే పోయాయి, వెనకాల ఇంకొకాయన వస్తాడేమోనని. ఇది అభ్యంతరం కాదు. దీన్ని ఎక్కడ రాయాలో తెలియక ఇక్కడ రాశాను.

చూడనని ఒట్టేసుకున్న మాట నిజం. వచ్చిన ప్రతి భాగమూ చూసిన మాటా నిజమే. తప్పులు పట్టాలంటే చూడాలి కదా! కొన్ని రెండోసారి కూడా చూశాను, మొదటిసారి పట్టిన తప్పులు అక్కడే ఉన్నాయో లేదోనని. హర్షవర్ధన్ పదమూడేళ్ళు పెద్దవాడై కనిపించాడు. ఓనరు అనుమతి లేకుండా ఎలా పెరుగుతాడు? (నా జుట్టు సంగతి ఈ వ్యాసం పరిధిలోకి రాదు.) వాసు ఇంటూరి హోటల్‌లో పనిచేసే సర్వంగా వచ్చాడు. శివన్నారాయణ అదే అప్పాజీగా నోరు విప్పేసరికి నాకు తెలియకుండానే గట్టిగా నవ్వొచ్చేసింది. ఆ నవ్వు నా వాదనకి అడ్డొస్తోంది గనుక దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని మనవి.

వీళ్ళు మళ్ళీ ఎప్పుడైనా తీస్తే నా షరతులు ఇవీ: కథ 2003 దాటకూడదు. ఫోన్ తీగతోనే ఉండాలి, లేకపోతే అపార్థాలు ఎక్కడినుంచి వస్తాయి? హోటల్‌కి లాభం రాకూడదు. ప్రత్యర్థి గొంగళీపురుగు అంబుజనాభం మీద అమృతరావు గెలిచినట్టే గెలిచి ఓడిపోవాలి. అంతా పాతలాగే ఉండాలి, అయితే పాత చింతకాయ పచ్చడిలా మాత్రం ఉండకూడదు. కొత్తగా తీస్తే 'ఇది మన అమృతం కాదు' అంటాను, పాతలాగే తీస్తే 'కొత్తగా ఏముంది' అంటాను. రెండు మాటలూ ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాను, అప్పటికప్పుడు వెతుక్కునే పని లేకుండా.

ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. "ఓనరు, ఓనరు అంటున్నారు, ఇంతకీ పైసా ఖర్చు పెట్టారా?" అంది. ఆలోచించాను. అప్పట్లో కేబుల్ డబ్బులు మా నాన్న కట్టేవాడు. యూట్యూబ్ ఉచితం. ఓటీటీ పాస్‌వర్డ్ మా తోడల్లుడిది, వాడు మొన్న మార్చేశాడు కూడా. అయినా ఓనరు డబ్బు కట్టడమేమిటి? అప్పాజీ ఏనాడైనా కట్టాడా?

ఆవిడ నవ్వుకుంటూ హాల్లోకి వెళ్ళి టీవీ పెట్టింది. ఆదివారం, ఎనిమిదిన్నర కావస్తోంది. నేను వంటింట్లో కంచం ముందున్నాను. "ఏవిటది, పాతదా కొత్తదా?" అని కేకేశాను. ఆవిడేం చెప్పిందో వినబడలేదు, పాట మొదలైపోయింది. చెయ్యి కడుక్కోకుండానే లేచాను.