బ్యాటరీ టెర్మినల్ పీకితే బండి బాగవుతుందా?

నెల రోజులుగా లారీ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే ఏడెనిమిది మంది పంపారు. అందులో ఉన్నది ఇదీ: పాత లారీలో ఇంజిన్ లైటు వెలిగితే షెడ్డుకు పోనక్కర్లేదు, బ్యాటరీ టెర్మినల్ పది నిమిషాలు తీసి పెడితే చాలు. ఆ లైట్లన్నీ కంపెనీలు డబ్బు గుంజడానికి పెట్టినవే. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ స్లో నిలవకపోతే స్క్రూ తిప్పుకోండి. మిస్సింగ్ ఉంటే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల పైపులు ఒక్కొక్కటే లూజు చేసి చూసుకోండి. పొగను శుద్ధి చేసే యాడ్‌బ్లూ ద్రవం బదులు పొలంలో చల్లే యూరియా నీళ్లలో కలిపి పోసుకోండి. సెన్సార్ల పేరు చెప్పి షెడ్డువాళ్లు దోచేస్తారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు దాటింది నేను ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేయబట్టి. చివరి మాట నాకే తగులుతుంది. అందులో కొంత నిజం లేకపోలేదు, ఆ సంగతికి వస్తాను.

ముందు టెర్మినల్ సంగతి. తీస్తే కొన్ని బళ్లలో లైటు ఆరుతుంది, కాదనను. కానీ చాలా ఈసీయూలు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్లు) ఏం ఫాల్టో చెప్పే కోడ్‌ని కరెంటు పోయినా గుర్తుంచుకుంటాయి. చెరిగిపోయే బళ్లలో అయితే ఇంకా నష్టం: ఏ స్పీడులో, ఎంత వేడి మీద ఉండగా ఫాల్ట్ వచ్చిందో ఆ వివరం కూడా దానితోపాటే పోతుంది. మళ్లీ లైటు వెలిగేదాకా మాకు చేతిలో ఆధారం ఉండదు. దొంగను చూసి అరుస్తున్న కుక్కను కొట్టి పడుకోబెట్టినట్టు. ఇక బండి స్టార్ట్‌లో ఉండగా టెర్మినల్ పీకేవాళ్లూ ఉన్నారు, డైనమో పనిచేస్తోందో లేదో చూడడానికట. అలా తీసినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్ని ఈసీయూ కాలిపోవచ్చు. యాడ్‌బ్లూ ఉన్న బళ్లలో ఇంజిన్ ఆపిన వెంటనే కూడా తీయకూడదు. ఆపాక పంపు కాసేపు నడిచి లైన్లో మిగిలిన ద్రవాన్ని ట్యాంకులోకి లాగుతుంది. కరెంటు పోతే అది లైన్లోనే ఎండి గడ్డకడుతుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. టెర్మినల్ తీసి శుభ్రం చేసి గట్టిగా బిగించినందుకే నిజంగా బాగైన బళ్లు నేనూ చూశాను. అక్కడ పని చేసింది బిగింపు, పది నిమిషాలు కాదు. లూజు టెర్మినల్, తుప్పు పట్టిన ఎర్త్ స్ట్రాప్ రెండూ ఈసీయూకి లేనిపోని ఫాల్టులు చూపిస్తాయి. 24 వోల్టుల బండిలో స్టార్ట్ అయ్యాక మీటరు 27, 28 దగ్గర ఉండాలి. అది చూడకుండా నేను కోడ్ చదివే స్కానర్ తగిలించను. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మునిగిన బళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. కనెక్టర్లలో పచ్చటి తుప్పు. వాటికి టెర్మినల్ ఎన్నిసార్లు పీకినా ఒకటే.

లైట్లన్నీ డబ్బు కోసమే అన్న మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. పసుపు ఇంజిన్ లైటు వెలిగి, బండి మామూలుగా లాగుతుంటే మెల్లగా షెడ్డుకు రావచ్చు. ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే వారధి మధ్యలో ఉన్నా సరే, పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. బేరింగ్ పట్టేయడానికి కొద్ది నిమిషాలు చాలు.

ఇప్పుడు ఐడ్లింగ్, అదే స్లో సంగతి. మెసేజ్ రాసినాయన పాత ఇన్‌లైన్ పంపు బండి మీద పని నేర్చుకున్నట్టున్నారు. ఆ బళ్లకు స్లో స్క్రూ ఉండేది, తిప్పితే మారేది. కంప్యూటర్ చెప్పినట్టు డీజిల్ చిమ్మే కొత్త తరం కామన్ రైల్ బళ్లకు తిప్పడానికి స్క్రూయే లేదు. ఎంత డీజిల్ వెళ్లాలో ఈసీయూ లెక్కేస్తుంది, యాక్సిలరేటర్ కింద కేబుల్ బదులు సెన్సార్ ఉంటుంది. స్లో ఎక్కుతూ దిగుతూ ఉంటే నేను ముందు చూసేది డీజిల్ లైను. ఫిల్టరు ఎప్పుడు మార్చారు? వాటర్ సెపరేటర్‌లో నీళ్లున్నాయా? డీజిల్ పైపు బిగించే బాంజో బోల్టు దగ్గర వాడేసిన కాపర్ వాషర్లే మళ్లీ వేశారా? ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య లైను గాలి పీల్చినా బయటికి చుక్క కారదు, అందుకే ఎవరూ అనుమానించరు. ఫిల్టరు ముందు జానెడు పారదర్శక పైపు కలిపి చూస్తే బుడగలు కనిపిస్తాయి. బుడగలు లేకపోతే ఇంజెక్టర్ల (డీజిల్ చిమ్మే నాజిళ్ల) నుంచి మిగులు డీజిల్ వెనక్కి తెచ్చే రిటర్న్ పైపులు ఒక్కో సీసాలో పెట్టి నడిపిస్తాను. ఏ సీసా ముందు నిండితే ఆ ఇంజెక్టరు తేడా. ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న బండి అయితే వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోయిందేమో కూడా చూడాలి.

నాజిల్ పైపులు లూజు చేయమన్న సలహా చదివి నాకు భయమేసింది. పాత పంపు బళ్లలో అది అందరూ చేసేదే. కామన్ రైల్‌లో స్లో మీదే వందల బార్ ప్రెషర్ ఉంటుంది, రేజ్ చేస్తే వెయ్యి దాటుతుంది. సన్నటి ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. పైకి చిన్న చుక్క గాయమే, లోపల చెయ్యి పోయేంత ప్రమాదం. ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపుల మీద స్పానర్ పెట్టకండి, మీ క్లీనర్ కుర్రాడితో అసలు పెట్టించకండి.

యూరియా. గుంటూరు వైపు నుంచి మిర్చి లోడుతో వచ్చే డ్రైవర్లు ఇది ఎక్కువగా అడుగుతారు, ఊళ్లో బస్తాలు కనిపిస్తూనే ఉంటాయి కదా. యాడ్‌బ్లూలో కూడా 32.5 శాతం యూరియాయే, మాట నిజమే. కానీ అది లోహాలూ లవణాలూ లేని శుద్ధమైన యూరియా, కలిపే నీళ్లూ అలాంటివే. మన ఎరువుకు 2015 నుంచి వేపనూనె పూత తప్పనిసరి చేశారు. ఆ జిడ్డుతో యాడ్‌బ్లూ చిమ్మే డోసింగ్ నాజిల్ పూడుకుపోతుంది, బోరు నీళ్లలోని లవణాలు పొగను శుద్ధి చేసే క్యాటలిస్టును పాడు చేస్తాయి. నాలుగు క్యాన్ల ఖర్చు మిగిల్చుకోబోయి ఎగ్జాస్ట్ మొత్తం మార్చుకున్న ఓనరు మా వీధిలోనే ఉన్నారు. సబ్సిడీ ఎరువును బండికి పోయడం చట్టప్రకారమూ తప్పే.

ఇక షెడ్డువాళ్ల దోపిడీ. కోడ్‌లో సెన్సార్ పేరు కనబడగానే అదే మార్చేసేవాళ్లు మాలో ఉన్నారు, దాచేదేముంది. చాలా లారీల్లో కోడ్‌కి రెండు నంబర్లు ఉంటాయి. మొదటిది ఏ విషయమో చెబుతుంది, రెండోది దానికి ఏమైందో. 100 అంటే ఆయిల్ ప్రెషర్. దాని పక్కన 1 ఉంటే ప్రెషర్ నిజంగానే పడిపోయింది. 4 ఉంటే సిగ్నల్ వోల్టేజీ పడిపోయింది, అంటే వైరు గానీ సెన్సార్ గానీ. మొన్న ఒక బండికి వేరే చోట రెండుసార్లు ఆ సెన్సార్ మార్చారు, లైటు మళ్లీ మళ్లీ వచ్చింది. పక్కన ఉన్నది 4. వెతికితే బ్రాకెట్టుకు రాసుకుని వైరు తొడుగు అరిగి, లోపలి రాగి ఛాసిస్‌కు తగులుతోంది. కొత్త వైరు ముక్క, మీద ట్యూబు, అరగంట పని.

కాబట్టి స్కాన్ చేయిస్తే ఆ రెండు నంబర్లూ కాగితం మీద రాసివ్వమనండి. రాయనంటే పక్క షెడ్డుకు పొండి, ఆటోనగర్‌లో షెడ్లకు కొదవా?