బొమ్మకు పాట తోడైతే సరిపోదు

ఒకవైపు కచేరీ నడుస్తుంటుంది, పక్కనే కాన్వాస్ పెట్టుకుని చిత్రకారుడు బొమ్మ వేస్తుంటాడు. సంగీతకారులనూ చిత్రకారులనూ కలిపే ప్రాజెక్టు అనగానే చాలామంది నిర్వాహకులకు తట్టేది ఇదే. గంటన్నరలో పాటా అయిపోవాలి, బొమ్మా పూర్తవాలి. ఆ టెన్షన్‌లో చెయ్యి తనకు అలవాటైన గీతల్లోకే వెళ్లిపోతుంది. విషాదం వినిపిస్తే నీలం, హుషారు వినిపిస్తే ఎరుపు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పాట లేకపోయినా ఆయన ఆ బొమ్మే వేసేవాడేమో అనిపిస్తుంది. పాడేవాళ్లు జనం వైపు తిరిగి ఉంటారు కాబట్టి, వెనక బొమ్మలో ఏం మారిందో వాళ్లకు తెలియనే తెలియదు. తప్పు కళాకారులది కాదు, వాళ్లకు పెట్టిన షరతులది.

ఒకరి కళ ఇంకొకరిని నిజంగా కదిలిస్తే ఏమవుతుందో చూడాలంటే 1874 నాటి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్లాలి. అంతకు ముందు ఏడాది విక్టర్ హార్ట్‌మన్ అనే ఆర్కిటెక్టు హఠాత్తుగా చనిపోయాడు. మిత్రులు అతని బొమ్మలతో ప్రదర్శన పెట్టారు. అది చూసొచ్చిన స్నేహితుడు, సంగీతకర్త ముసోర్గ్‌స్కీ ఆ ఏడాది జూన్‌లో, మూడు వారాల్లోనే పియానో కోసం ‘పిక్చర్స్ ఎట్ ఎన్ ఎగ్జిబిషన్’ రాశాడు. ఆ బొమ్మల ఆధారంగా పది ఖండికలు.

నన్ను కట్టిపడేసేది మాత్రం వాటి మధ్య మళ్లీ మళ్లీ వచ్చే ‘ప్రొమెనాడ్’, అంటే షికారు నడక. దాని తాళం మొదట్లో అయిదు లెక్కలు, వెంటనే ఆరు లెక్కలు. అడుగులు సమంగా పడవు. ఒక బొమ్మ దగ్గర ఆగి, ఇంకో బొమ్మ వైపు కదిలే మనిషి నడక అది. ఆ మనిషి ముసోర్గ్‌స్కీయే. పారిస్ భూగర్భ సమాధుల బొమ్మలో, లాంతరు వెలుగులో నిలబడ్డవాళ్లలో హార్ట్‌మన్ కూడా ఉన్నాడు. ఆ ఖండిక ముగిశాక, మొదట ధీమాగా నడిచిన ఆ రాగమే సన్నగా, వణుకుతూ వినిపిస్తుంది. బొమ్మలో ఏముందో చెప్పడం అక్కడితో ఆగిపోయింది. దాని ముందు నిలబడ్డ స్నేహితుడికి ఏమైందో మనం వింటున్నాం.

చిత్రకారుడు కాండిన్‌స్కీది ఇంకో దారి. 1911 జనవరిలో మ్యూనిక్‌లో సంగీతకర్త షోన్‌బర్గ్ రచనల కచేరీ విని వచ్చి ‘ఇంప్రెషన్ 3’ వేశాడు. పియానో ఒక నల్లటి మచ్చ, దాని చుట్టూ పొంగిపోయే పసుపు. ఆ వెంటనే, అప్పటికి పరిచయం లేని షోన్‌బర్గ్‌కు ఉత్తరం రాశాడు. అలా మొదలైన స్నేహంతో, మరుసటి ఏడాది కాండిన్‌స్కీ వాళ్లు తెచ్చిన ‘బ్లూ రైడర్’ అనే కళా సంకలనంలో షోన్‌బర్గ్ సంగీతంతో పాటు షోన్‌బర్గ్ వేసిన బొమ్మలకూ చోటు దొరికింది.

పోలిక బొత్తిగా లేకపోయినా ప్రేరణ ఉండొచ్చు. 1951లో అమెరికన్ చిత్రకారుడు రాషెన్‌బర్గ్ కొన్ని కాన్వాసులకు ఉత్త తెల్లరంగు వేసి వదిలేశాడు. మౌనంతో ఒక రచన చేయాలన్న ఆలోచన సంగీతకర్త జాన్ కేజ్‌కు అంతకు ముందే ఉంది. ధైర్యం ఇచ్చింది మాత్రం ఆ తెల్ల కాన్వాసులేనని అతనే చెప్పుకున్నాడు. 1952లో కేజ్ రాసిన ఆ రచన కోసం పియానిస్టు డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చుని, మెట్ల మీది మూత వేసి, 4 నిమిషాల 33 సెకన్లలో ఒక్క స్వరం కూడా వాయించలేదు. హాల్లో ఉన్న చప్పుళ్లే సంగీతమయ్యాయి.

ఈ మూడు చోట్లా ఎవరూ ఎవరి పక్కనా కూర్చుని పనిచేయలేదు. చూసినదో విన్నదో మనసులో నానడానికి కొంత వ్యవధి దొరికింది. అందుకే ప్రాజెక్టులు పెట్టేవాళ్లను నేను అడిగేది ఇది: ముందే థీమ్ ఇచ్చి అందరినీ దానికి కట్టేయకండి. ఒకరి పని ఇంకొకరి చేతికి ఇచ్చి, కొన్ని వారాలు వదిలేయండి. తిరిగి వచ్చింది మొదటిదానిలా లేకపోతే కంగారు పడకండి. పేరూ పారితోషికమూ ఇద్దరికీ సమానంగా ఉండాలన్నది వేరే చెప్పాలా?

హార్ట్‌మన్ బొమ్మల్లో చాలావరకు ఇప్పుడు లేవు. అతను గీసిన కీవ్ మహాద్వారం కట్టడానికే నోచుకోలేదు. 1928లో జర్మనీలోని డెస్సావ్‌లో ముసోర్గ్‌స్కీ రచనను రంగస్థలం మీదికి తెచ్చింది కాండిన్‌స్కీయే. అతను హార్ట్‌మన్ గీతలను అనుకరించలేదు. సంగీతం వింటూ తనకు తోచిన ఆకారాలను, రంగు వెలుగులను వేదిక మీద కదిలించాడు.