101 నొక్కితే ఎండీగారు పలికారు: ఆఫీసు డెస్క్ ఫోనుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ డెస్క్ ఫోను గారి దివ్యసముఖానికి,

బేగంపేట ఆఫీసు నాలుగో అంతస్తులో, ఏసీ గాలి సూటిగా నెత్తిన పడే సీటు నుంచి ఎక్స్‌టెన్షన్ 147 చేసుకునే మనవి. ఉభయకుశలోపరి అని రాయాలి కానీ, మీ కుశలం గురించి నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి.

మీరు డబ్బాలోంచి దిగిన రోజున మీతోపాటు ఒక చిన్న పుస్తకం కూడా వచ్చింది. భద్రతా సూచనలు. చాలా భాషలున్నాయి అందులో, తెలుగు మాత్రం లేదు. ఐటీ కుర్రాడు దాని కవరు కూడా విప్పకుండా టీ కప్పు కింద పెట్టుకున్నాడు. చదివింది నేనొక్కణ్ణే అనుకుంటా. మిమ్మల్ని స్నానాల తొట్టి పక్కన, ఈత కొలను దగ్గర వాడకూడదట. ఉరుములు మెరుపులు వస్తుంటే మీ వైర్ల జోలికి పోకూడదట. గ్యాస్ లీకవుతుంటే అక్కడే నిలబడి మీ ద్వారా ఫిర్యాదు చేయకూడదట. మీ రిసీవరు గుండుసూదుల్ని లాక్కుంటుందట, చూసుకుని చెవికి పెట్టుకోవాలట. అంతా చదివాక మీరంటే కొంచెం భయం వేసింది. మా ఆఫీసు తీరు చూశాక మాత్రం, ఆ పుస్తకం తప్పు మనుషుల చేతికి వచ్చిందని తేలిపోయింది. దాన్ని మీకివ్వాలి. మా నుంచి మీరెలా తప్పించుకోవాలో అందులో రాసి మరీ ఇవ్వాలి.

మీ పూర్వీకులైతే నిజంగానే భయపడదగ్గవాళ్లు. పాత ల్యాండ్‌లైను తీగలో మామూలుగా 48 వోల్టుల డీసీ ఉండేది. దానితో పెద్ద పేచీ లేదు. గంట మోగించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎక్స్ఛేంజీ అదే తీగలో 75 నుంచి 90 వోల్టుల దాకా ఏసీ పంపేది. వైరు తొడుగును పళ్లతో లాగే అలవాటున్న లైన్‌మన్ ఉన్నాడనుకోండి. సరిగ్గా ఆ క్షణంలోనే ఎవరో ఆ నంబరుకి ఫోన్ చేశారనుకోండి. ఆయన ఏమనేవాడో ఇక్కడ రాయలేను. తీగ ఊరంతా స్తంభాల మీద తిరిగి ఇంటికొచ్చేది కాబట్టి, పిడుగు ఎక్కడో పడినా దాని దెబ్బ రిసీవరు దాకా వచ్చే వీలుండేది. ఉరుముల్లో ఫోను ముట్టొద్దని అమ్మమ్మలు కసిరింది చాదస్తం కాదన్నమాట. ఆ పెద్దవాళ్లకి ఒక గొప్ప గుణం కూడా ఉండేది. ఇంట్లో కరెంటు పోయినా పలికేవాళ్లు, ఎక్స్ఛేంజీలో బ్యాటరీలు ఉండేవి కాబట్టి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

తమరు వేరే తరం. నెట్ తీగ మీద పలికే ఐపీ ఫోను. మీకు మాటా, మేతా రెండూ ఒక్క లాన్ కేబుల్లోనే వస్తాయి. ఆ కేబుల్లోనే పోర్టుకి 15.4 వాట్ల దాకా కరెంటు ఇవ్వొచ్చని 2003లోనే ప్రమాణం రాసుకున్నారు. మా నాలుగో అంతస్తు స్విచ్చు (నెట్ తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె) అలాంటిదే కాబట్టి మీకు అడాప్టరుతో పని లేదు. కింద మూడో అంతస్తులో స్విచ్చు పాతది. అక్కడ మీ తోబుట్టువులందరికీ విడిగా అడాప్టర్లున్నాయి. ఆ అడాప్టర్లు అప్పుడప్పుడు మాయమవుతుంటాయి. అలా ఒకటి పోతే సేల్స్ కుర్రాడొకడు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్తది తెచ్చాడు. షాపువాడు మంచివాడే, "ఎన్ని వోల్టులు భయ్యా?" అని అడిగాడట. మనవాడు "ఫోనుకి" అన్నాడట. ఫోను అడిగేది 5, వచ్చింది 12. పిన్ను మాత్రం పట్టింది. పిన్ను పడితే చాలు, లోపల వోల్టులు అవే సర్దుకుంటాయని మా వాళ్ల నమ్మకం. కాలిన వాసన వస్తుంటే "కొత్త కదా, మొదట్లో అలాగే ఉంటుంది" అని కూడా ఒకరన్నారు.

మీ వెనకాల రెండు కన్నాలుంటాయి. ఒకటి గోడ నుంచి వచ్చే లాన్ తీగకి, ఇంకోటి మీ నుంచి కంప్యూటరుకి వెళ్లే తీగకి. పక్కనే చిన్న బొమ్మలు కూడా ఉంటాయి, భూతద్దం ఉంటే కనిపిస్తాయి. సీట్లు మార్చిన రోజున ఓ పెద్దమనిషి బల్ల కింద ఊగుతున్న తీగను చూశాడు. మీ వీపున ఖాళీ కన్నం చూశాడు. జాలిపడ్డాడు. కలిపేశాడు. ఆ తీగ రెండో కొన కూడా గోడలోనే ఉందని ఆయనకి తెలియదు. గోడలోంచి వచ్చిన సందేశం మీలోంచి దూరి మళ్లీ గోడలోకి, గోడలోంచి మళ్లీ మీలోకి తిరుగుతూ, తిరిగిన కొద్దీ పెరుగుతూ అంతస్తు మొత్తం నెట్‌ను ముంచేసింది. స్విచ్చులో దీన్ని పట్టుకునే ఏర్పాటు ఉంటుంది, ఆన్ చేసి ఉంటే. మా దాంట్లో ఆన్ చేసి లేదు. ఐటీ కుర్రాడు సర్వరు రూమంతా తలకిందులు చేశాడు, సర్వీసు ప్రొవైడరును తిట్టాడు, చివరికి ఒక్కో తీగా పీకుతూ మీ దగ్గరికి చేరాడు. ఆ పెద్దమనిషి మాత్రం క్యాంటీన్లో "ఈ ఊళ్లో నెట్ ఎప్పుడూ ఇంతే" అని నిట్టూరుస్తున్నాడు.

అడుగున రిసీవరు కన్నం, హెడ్‌సెట్ కన్నం కవల పిల్లలు. ఒకదాని బదులు ఇంకోదాంట్లో పెడితే గంట మోగుతుంది, ఎత్తితే మాట వినపడదు. హెచ్‌ఆర్‌లో ఒకావిడ వారమంతా "హలో, హలో" అని అరిచి, అవతలివాళ్లకి మర్యాద లేదని తీర్మానించారు. వైరు కొన "టక్" అనేదాకా లోపలికి పోవాలని, స్టాండుకున్న గాడిలోంచి దాన్ని నడపాలని, బల్ల అంచున కిందికి వేలాడదీస్తే ఎవరి కాలికో తగిలి మీరు నేల మీదికి వస్తారని ఆవిడకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ అప్రైజల్స్ చూస్తారు.

ఇక దసరా. ఏడాదికొకసారి మీకు జరిగే ఆయుధపూజ గురించి విడిగానే చెప్పాలి, ఎందుకంటే పుస్తకంలో వద్దన్నవన్నీ ఆ ఒక్క పూటలోనే జరిగిపోతాయి. మిమ్మల్ని తడిగుడ్డతో తుడవాలని, అదీ బాగా పిండి, ముందు తీగ తీసేసి తుడవాలని అందులో ఉంది. హౌస్‌కీపింగ్ వాళ్లు నీలం రంగు ద్రవాన్ని గుడ్డ మీద కాకుండా నేరుగా మీ ముఖం మీదే కొడతారు. అది రోజూ ఉండేదే. దసరాకి పసుపు నీళ్లు కూడా తోడవుతాయి. ఆ తర్వాత బొట్టు. మీ అంకెల్లో 5 మీద మాత్రం చిన్న బొడిపె ఉంటుంది, చూడకుండానే వేలికి తగలాలని. పాంట్రీ అన్న దాన్ని మీ నొసలు అనుకుంటాడు. ఏటా అక్కడే కుంకుమ, అదీ వేలితో అద్ది, బాగా నొక్కి. తర్వాత కొబ్బరికాయ మీకెదురుగా కొడతారు. నీళ్లు మీ మీద చిలకరిస్తారు. చివరికి కర్పూర హారతి ప్లాస్టిక్ ముఖానికి జానెడు దూరంలో తిప్పుతారు. కరెంటు మాత్రం అలాగే ఉంటుంది, పూజలో దీపం ఆపకూడదు కదా. దీపావళి దాకా నా ఫోనులో 5 నొక్కితే మూడుసార్లు పడేది. అన్నని ఏమీ అనలేం. మీకు దణ్ణం పెట్టే మనిషి ఆఫీసు మొత్తానికి ఆయనొక్కడే.

మెడల సంగతి చెప్పుకోకపోతే అన్యాయం. రిసీవరును భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, రెండు చేతులతో ఎక్సెల్ కొట్టే విద్య మా అకౌంట్స్ వాళ్లది. మార్చి నెలాఖరుకి ఆ సెక్షన్లో అందరూ ఒకే వైపు వంగి నడుస్తారు. హెడ్‌సెట్ కావాలని అడిగితే బడ్జెట్ లేదన్నారు. ఫిజియోథెరపీ బిల్లులు మాత్రం పాస్ చేస్తున్నారు. వాయిస్ మెయిల్ పాస్‌వర్డు అందరిదీ ఇంకా 1234 అని కూడా ఇక్కడ రాయొచ్చు కానీ, రాస్తే ఎవరైనా వాడుకుంటారేమో. అంతర్జాతీయ కాల్స్‌కి తాళం వేసి ఉంచడం ఒక్కటే మా ఐటీ చేసిన మంచి పని.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది వేరే విషయం.

మా ఆఫీసు ఎక్స్‌టెన్షన్లు 101 నుంచి మొదలవుతాయి. 101 ఎండీగారి ఛాంబరు. 108 అకౌంట్స్. 112 పాంట్రీ. ఈ అంకెలు ఎక్కడో విన్నట్టు లేవూ? ఫైర్ స్టేషనుకి 101. అంబులెన్సుకి 108, అది 2005లో మొదలైందే మన హైదరాబాద్‌లో. అన్ని అత్యవసరాలకీ కలిపి దేశమంతటా 112. వీటిలో ఏది కావాలన్నా మీ దగ్గర ముందు 0 నొక్కి బయటి లైను పట్టాలి. మొబైలుకైతే ఇంకో 0 కూడా, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను మీంచి మొబైలు నంబరుకి ముందు సున్నా తప్పనిసరి కాబట్టి. ఆఫీసు సున్నా ఒకటి, సర్కారు సున్నా ఒకటి. మామూలు రోజుల్లోనే ఈ సున్నాల లెక్క కుదరదు మాకు. మనిషి కళ్లు తేలేసినప్పుడు ఎవరికి గుర్తుంటుంది?

ఎవరికీ గుర్తులేదు. ఇంటర్వ్యూకొచ్చిన కుర్రాడొకడు రిసెప్షన్ సోఫాలో ఒరిగిపోయాడు. కొత్తగా చేరిన రిసెప్షనిస్టు చురుకైన పిల్ల, వెంటనే 108 నొక్కింది.

"అకౌంట్స్. చెప్పండి."

"సార్, అర్జంటు! మనిషి పడిపోయాడు, తొందరగా రండి!"

"పేమెంట్లు 25 తర్వాతేనమ్మా. వోచర్ పెట్టారా?"

"వోచరేంటి సార్, స్పృహ లేదు!"

"అయితే హెచ్‌ఆర్‌కి చెప్పండి."

ఆ పిల్ల హడలిపోయి 112 కొట్టింది. పాంట్రీ అన్న ఎత్తాడు. ఆయన ప్రశ్నలేవీ వేయలేదు. రెండు చెంచాల పంచదార ఎక్కువేసి చాయ్ పట్టుకొచ్చాడు. అప్పటికే కుర్రాడు కళ్లు తెరిచాడు, పొద్దున్నుంచీ ఏమీ తినలేదట. ఆ లెక్కన మా 112 పనిచేసినట్టే. అది గుండెపోటు అయ్యుంటే చాయ్ ఏం చేసేది?

సెల్‌ఫోన్లు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి. మా సెల్లారు పార్కింగులో ఒక్క గీత సిగ్నలు రాదు, మెట్ల మలుపులో అసలే రాదు, అక్కడ ఉన్నది గోడకి బిగించిన మీ తమ్ముడొక్కడే. పోనీ, గుర్తుపెట్టుకుని 0-112 కొట్టారనుకుందాం. అవతలివాళ్లకి కనిపించేది ఆఫీసు మెయిన్ నంబరు. ఏ అంతస్తు, ఏ వైపు అన్నది ఎత్తినవాడే నోటితో చెప్పాలి. మా వాళ్లు చెప్పే అడ్రసు "పెట్రోల్ బంకు ఎదురుగా" అని ఉంటుంది. పాంట్రీలో సిలిండరు లీకైతే అక్కడి ఫోను ముట్టకూడదు. రిసీవరు ఎత్తినప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ పుట్టినా చాలు. బయటికి నడిచి, దూరం వెళ్లాక గ్యాస్ లీకుల హెల్ప్‌లైను 1906కి చేయాలి. ఇవి పాంట్రీ గోడ మీద ఉండాలి. అక్కడ ఉన్నది "కప్పులు కడిగి పెట్టవలెను" ఒక్కటే.

ఇప్పుడు పాత ఫోను బ్యాటరీల దగ్గరికొస్తాను. మొన్న ఫైర్ డ్రిల్లు జరిగింది. మంటలంటే ముందు మెయిన్ ఆపాలి కాబట్టి ఆపారు. స్విచ్చుకి యూపీఎస్ లేదు. అంతస్తులో ఉన్న మీరందరూ ఒక్కసారే కళ్లు మూశారు. డ్రిల్లు నడిపే పెద్దాయన మా చేతికిచ్చిన కాగితం మీద మొదటి అంశం: "సమీపంలోని డెస్క్ ఫోను నుంచి సెక్యూరిటీకి తెలియజేయండి." కింద సెక్యూరిటీ డెస్కు ఫోనుకి వేరే లైను, జనరేటరు మీద ఉంది, అది పనిచేయాలి. పనిచేయలేదు. దాని అడాప్టరు పీకేసి ఆ ప్లగ్గులో గార్డు తన సెల్లు చార్జింగు పెట్టుకున్నాడు. డ్రిల్లు విజయవంతమైందని మధ్యాహ్నం మెయిల్ వచ్చింది.

అందుకే తమరి తరఫున అడ్మిన్‌కి ఒక అర్జీ పెట్టాను. ఎక్స్‌టెన్షన్లు 200 నుంచి మొదలెట్టండి, 100, 101, 108, 112 ఎవరికీ ఇవ్వకండి, సున్నా ఉన్నా లేకున్నా అవి నేరుగా బయటికి పోయేలా సిస్టంలో రాయించండి, స్విచ్చుకి యూపీఎస్ పెట్టించండి. ఐటీ కుర్రాడు పూటలో పని అన్నాడు. ఫైలు మాత్రం ఎండీగారి దగ్గర ఆగింది. ఆయన 101 వదలనన్నారు. కలిసొచ్చిన నంబరట, ఆ ఎక్స్‌టెన్షన్ తీసుకున్నాకే కంపెనీ లాభాల్లో పడిందట.

పోనీ మీరు 116 తీసుకోండి సార్, నూట పదహార్లు, శుభం అన్నాను. ముఖం విప్పారింది. ఫైలు మీద సంతకం కూడా చేశారు. ఇప్పుడు చిక్కేమిటంటే 116 జిరాక్స్ రూముది. అక్కడి ఆయన రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు, ఇన్నేళ్ల నంబరు ఇప్పుడెందుకు మార్చాలి అంటున్నాడు. వచ్చే వారం మీటింగు ఉంది. ఈలోగా మీ నుదుటి మీద, 5కి తగలకుండా, "మంటలు, అంబులెన్సు: ముందు 0" అని స్టిక్కరు అంటించాను. నీలం ద్రవానికి చెరిగిపోకుండా పైన సెల్లోటేపు వేశాను. దయచేసి ఊడనివ్వకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎక్స్‌టెన్షన్ 147 (త్వరలో 247, జిరాక్స్ రూము ఒప్పుకుంటే)