సవరణ: వంటింటి ఫ్యాన్, చలిగాలి

బ్రిటన్ ఇళ్లలో బయటివైపు రెక్కల మూత ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే చలిగాలి రాదని ముందు పోస్టులో ఉంది. దాన్ని ఇలా సవరించి చదవండి. ఆ ప్లాస్టిక్ రెక్కలు తమ బరువుతోనే మూసుకుంటాయి. ఈదురుగాలికి టపటపా కొట్టుకుంటాయి. మన పోపుల జిడ్డు పట్టిందా, సగం తెరుచుకునే ఉండిపోతాయి. గాలి బాగా తగిలే గోడైతే, ఫ్యాన్ ఆగగానే కరెంటుతోనో స్ప్రింగుతోనో బిగుతుగా మూసుకునే షట్టర్ ఉన్నదే తీసుకోండి. కాస్త ఖరీదే, అయినా దండగ కాదు. ఫ్యాన్ పైపు చుట్టూ గోడలో సందు ఉంటే అదీ పూడ్పించండి.

ఇంగ్లండ్ నిబంధనల లెక్కలో, అవసరానికి వేసుకునే వంటింటి ఫ్యాన్ సెకనుకు 60 లీటర్ల గాలి లాగాలి. గాలిని బయటికి పంపే హుడ్ (మనం చిమ్నీ అనేది) పొయ్యి పైనే ఉంటే 30 చాలు. వడగట్టి మళ్లీ గదిలోకే వదిలే హుడ్‌కు గోడకు కన్నం అక్కర్లేదు, చలి బాధా లేదు. కానీ ఆవిరంతా ఇంట్లోనే.