రాత్రి అన్నం మానేశారట, సంతోషం

మా అపార్ట్‌మెంట్‌లో అరవై దాటిన ఎవరిని కదిపినా ఒకటే మాట: "రాత్రిపూట అన్నం మానేశామండీ, టిఫినే." సన్యాసం పుచ్చుకున్నంత గంభీరంగా చెబుతారు. ఆ టిఫిన్ ఏమిటయ్యా అంటే నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, పక్కన కారప్పొడి, అందులో నెయ్యి. మర్నాడు ఉప్మా. ఆ మర్నాడు దోసెలు. ఇన్నేళ్లుగా మానేస్తున్నా బరువు తగ్గదేమిటని నిట్టూర్చి, చివరికి "మా ఒంటి తత్వమే అంత" అని తేల్చేస్తారు.

తత్వం కాదండీ, లెక్క. ఇడ్లీ అంటే ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యపు రవ్వ. దోసెల్లో బియ్యం పాలు ఇంకా ఎక్కువ, పైగా పెనం మీద నూనె. రాత్రి అన్నం మానేసి, అదే బియ్యాన్ని నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి తింటున్నాం. శనివారం ఉపవాసాలదీ ఇదే కథ. ఒంటిపూట భోజనం అన్నది పేరుకే. రాత్రి ఫలహారం పళ్లెం చూస్తే ఉపవాసం ఎవరికో అర్థం కాదు. దేవుడి కోసం చేసేవాళ్లని నేనేమీ అనడం లేదు. బరువు తగ్గడానికి అని చెప్పేవాళ్లతోనే నా పేచీ.

అసలు గొడవ రాత్రిది కాదు, మధ్యాహ్నానిది. మన భోజనం విడతలుగా సాగుతుంది. పచ్చడితో ఒక విడత, పప్పుతో ఒకటి, కూరతో ఒకటి, చారుతో ఇంకొకటి, చివర పెరుగుతో. విడత మారినప్పుడల్లా కొత్తగా అన్నం పడాల్సిందే. కూర మనకి తిండి కాదు, అన్నం గొంతు దిగడానికి సాయం. అందుకే నలుగురున్న ఇంట్లో పావుకిలో బెండకాయలు వేపితే సరిపోతాయి. అవి కూడా మూకుడులో వేగి వేగి గుప్పెడవుతాయి.

మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకి 2000 కిలో క్యాలరీలు తినే మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100, బియ్యం గోధుమలు చిరుధాన్యాలు అన్నీ కలిపి 250, పప్పులో గుడ్లో మాంసమో 85, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు అంది. తూకాలు వండకముందువి. అంటే మనం నలుగురికి సర్దే కూర ఒక్క మనిషికే చాలదు! ఇక రిటైరై, సాయంత్రాలు సీరియళ్లకి అంకితం చేసిన మనకి ఆ 2000 కూడా అక్కర్లేదు. తగ్గించేది ఎక్కడో వేరే చెప్పాలా? ఆ 250లోనే.

మా ఇంట్లో ఇప్పుడు వరస మారింది. పళ్లెంలో ముందు కూర, సగం నిండేలా. దాని పక్కన గట్టిగా వండిన పప్పు. అన్నం ఒక్కసారే, ఒక్క హస్తం. చారు గ్లాసులో పోసుకుని తాగడమే (మిరియాల చారు అసలు రుచి అన్నంలో కలిపితే తెలియదని నా గట్టి నమ్మకం). పెరుగు గిన్నెలో, చెంచాతో. "పెరుగన్నం లేకపోతే భోంచేసినట్టే ఉండదు" అని మావారు అలిగారు. రెండు ముద్దల దగ్గర రాజీ కుదిరింది. ఆ రెండు ముద్దల మీద నాకేమీ కక్ష లేదు. అరవై ఏళ్ల నాలుకని ఒక్కరోజులో దారికి తేవాలనుకోవడం అమానుషం.

ఇక మధ్యాహ్నం మూడింటికి వంటింట్లో జరిగే రెండో భోజనం. దాని ఊసు ఎవరూ ఎత్తరు. గిన్నె అడుగున గరిటెడు అన్నం, మూకుడుకి అంటుకున్న వేపుడు, మనవడు కొరికి వదిలేసిన పూరీ, నిన్నటి పులిహోర. ఫ్రిజ్‌లో చోటు లేదు, పారేయడానికి చేతులు రావు. గట్టు దగ్గర నిలబడి, ఆ మూకుట్లోనే నాలుగు మెతుకులు వేసి తుడిచి తినేస్తుంది ఆ ఇంటావిడ. డాక్టరు అడిగితే "నేనేం తింటానండీ" అంటుంది. అది అబద్ధం కాదు, ఆవిడ లెక్కలో అది తినడం కాదు, గిన్నెలు ఖాళీ చేయడం. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని ఆ బాధ్యతంతా ఆవిడ పొట్టకి అప్పగించిన ఇల్లే, మళ్లీ "అమ్మా, నువ్వు బాగా లావయ్యావు" అంటుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కుక్కర్లో ఒక గ్లాసు బియ్యం తక్కువ పోయండి, మిగలదు. మిగిలితే ఇంట్లో అందరూ తలా ఒక ముద్ద తినండి.

దూరాన ఉన్న పిల్లల సలహాలు మరో రకం. "నాన్నా, పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండండి, నేను చేస్తున్నాను, భలే పనిచేస్తోంది" అని డల్లాస్ నుంచి వీడియో కాల్. చేసేవాడికి ముప్ఫై అయిదేళ్లు. నాన్న షుగర్‌కి గ్లిమెపిరైడ్ వేసుకుంటారు. ఆ రకం మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మోతాదు మార్చుకోకుండా పూట మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టి, కాళ్లు వణికి, బాత్‌రూమ్‌లో పడితే తుంటి ఎముకే విరగవచ్చు. డైట్ మొదలుపెట్టే ముందు మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడాలన్న ఇంగితం ఆ వీడియో కాల్‌లో ఎవరికీ తట్టదు.

మరొకటి. కడుపు మాడ్చుకుంటే బరువు తగ్గుతుంది, నిజమే. కానీ పోయేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. వయసుతో అది ఎలాగూ కరుగుతూనే ఉంటుంది. అరవై అయిదు దాటిన స్థూలకాయుల మీద అమెరికాలో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, తిండి తగ్గించి నడక, సైకిలు లాంటి వ్యాయామాలే చేసినవాళ్లకి కొవ్వు కాని బరువు 5 శాతం దాకా పోయింది. బరువులెత్తే వ్యాయామం చేసినవాళ్లకి 2 శాతమే. పార్కులో నాలుగు చుట్లు తిరిగి వచ్చి, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవలేకపోతే ఆ తగ్గిన బరువు ఎందుకు?

కండ నిలవాలంటే ప్రొటీన్ కావాలి. పోషకాహార సంస్థ లెక్కలో కిలో బరువుకి 0.83 గ్రాములు. వృద్ధుల వైద్యం తెలిసినవాళ్లు 1 నుంచి 1.2 దాకా ఉండాలంటారు. అంటే అరవై కిలోల మనిషికి రోజుకి 60 గ్రాముల పైమాటే. నూరు గ్రాముల కందిపప్పులో ఉండేది 22. దాన్ని నలుగురికి పప్పుచారు పెడితే తలా అయిదారు గ్రాములు. ఇక మిగతాది ఎక్కడి నుంచి వస్తుంది? గుడ్డు తినేవాళ్లకి గుడ్డుకి ఆరు గ్రాములు, చేపలు తినేవాళ్లకి బెంగే లేదు. శాకాహారులకి పెరుగు, సెనగలు, అలసందలు, మీల్‌మేకర్. రాత్రి టిఫినే కావాలంటే పెసరట్టు వేసుకోండి. పొట్టు పెసలతో, నూనె చెంచాతో కొలిచి, లోపల ఉప్మా లేకుండా. ఎమ్మెల్యే పెసరట్టుని ఎమ్మెల్యేలకే వదిలేయండి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా ప్రొటీన్ పెంచకండి.

ఇంత చేసి నాలుగు కిలోలు తగ్గి పెళ్లికి వెళితే చుట్టాల పరామర్శ: "ఏమిటలా చిక్కిపోయావు, షుగరా?" పక్కావిడ వెంటనే "ముఖంలో కళ పోయిందే" అని తీర్పు. నిరుడు అదే ఇద్దరూ నా మోకాళ్ల నొప్పులకి బరువు తగ్గమన్నారు! అడగాల్సినవాళ్లని అడగరు మరి. డైటూ లేదు, వ్యాయామమూ లేదు, ఆకలి లేదని పళ్లెం పక్కకి జరుపుతూ, గాజులు మోచేతి దాకా జారుతున్న అత్తయ్యనో, బెల్టుకి కొత్త చిల్లు పొడుచుకున్న బాబాయినో అడగండి. పెద్ద వయసులో, ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపల ఒంటి బరువులో 5 శాతం పోయిందంటే, అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గారంటే, "వయసు కదా" అని సరిపెట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నన్ను మాత్రం వదిలేయండి, నేను కావాలనే తగ్గాను.