బటన్ బాగానే ఉంది, మీరు చూడాల్సింది సీటు కింద

కారులో సీటు మెమరీ (బటన్ నొక్కితే సీటు మనం ముందే సేవ్ చేసిన స్థానానికి దానంతటదే వెళ్లే సౌకర్యం) పనిచేయడం లేదని చెప్పగానే "స్విచ్ పోయింది, మార్చేద్దాం" అనే అలవాటు మీద నాకు నిజంగా కోపంగా ఉంది. మా కారులో కొత్త స్విచ్ వేశారు. తేడా లేదు. తర్వాత మాడ్యూల్, అంటే సీటును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, మార్చాలన్నారు. అప్పటిదాకా ఎవరూ వైర్లు, స్విచ్‌లు పరీక్షించే మల్టీమీటర్ చేతిలోకి తీసుకోలేదు.

మా సీటు ఏం చేసేదో వినండి. మామూలు బటన్లతో చివరిదాకా వెళ్లేది. అంటే ఫ్యూజు, మోటార్లు బాగున్నట్టే. మెమరీ బటన్ నొక్కితే కొంచెం కదిలి ఆగిపోయేది. కదిలిందంటే స్విచ్ మాట మాడ్యూల్‌కి చేరిందన్నమాటే కదా! సీటు ఎక్కడుందో చెప్పే పొజిషన్ సెన్సర్ నుంచి సిగ్నల్ రాకపోతే, మోటారును ఎక్కడ ఆపాలో మాడ్యూల్‌కి తెలియదు, అందుకే ఆపేస్తుంది. ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే స్విచ్ ఎందుకు మార్చినట్టు?

బటన్ నొక్కినా అసలు చలనం లేనప్పుడు స్విచ్‌ని అనుమానించండి, తప్పులేదు. అదైనా గేరు పార్క్‌లో ఉందో లేదో చూశాకే. బండి నడుస్తుండగా మెమరీ పనిచేయకుండా చాలా కార్లలో కావాలనే పెడతారు.

స్విచ్‌ని పరీక్షించడంలోనూ పొరపాటు చేస్తారు. చాలా మెమరీ స్విచ్‌లలో ఒక్కో బటన్‌కి కరెంటును కొంత అడ్డుకునే ఒక్కో రెసిస్టర్ ఉంటుంది. మారే వోల్టేజీని బట్టి ఏ బటన్ నొక్కారో మాడ్యూల్ గుర్తిస్తుంది. అలాంటిదాన్ని మీటర్‌లో కంటిన్యుటీలో (దారి తెగకుండా ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి, బీప్ రాలేదని పారేస్తే ఎలా? ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే సెట్టింగ్) పెట్టి ఒక్కో బటన్ నాలుగైదుసార్లు నొక్కి చూడాలి. నొక్కిన ప్రతిసారీ అదే విలువ రావాలి. అంకెలు ఎగిరిపడుతుంటే లోపలి కాంటాక్టులు పాడైనట్టు.

చివరికి నేనే దగ్గరుండి సీటు కింద చూపించమన్నాను. సీటు జరిగిన ప్రతిసారీ అక్కడి వైర్ల కట్ట మడతపడుతుంది. పై తొడుగు చెక్కుచెదరకపోయినా లోపల రాగి తీగ తెగిపోవచ్చు. సెన్సర్ వైరుకి మీటర్ పెట్టి మెల్లగా కదిపితే రీడింగ్ వస్తూ పోతూ ఉంది.

ఒక్క జాగ్రత్త. అక్కడే ఉండే పసుపు కనెక్టర్ సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌ది. దానికి మీటర్ పెట్టకండి. సీటు కనెక్టర్లు ఊడదీయాలంటే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేసి, సర్వీస్ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి.

తెగిన వైరు అతికించాక పాత స్విచ్ తిరిగి పెట్టించాను. ఇప్పటికీ అదే పనిచేస్తోంది.