రెండు కార్తీకాల ఊళ్లో హోటల్

డిసెంబరు వచ్చిందంటే మా హోటలుకు రెండు రకాల వాళ్లు వస్తారు. గోపాల్‌పూర్ సముద్రం చూడటానికి వచ్చే పర్యాటకులు కొందరు. విదేశాల నుంచి సెలవులకు వచ్చి, "ఇంకో ఇరవై గదులు వేద్దాం, డబ్బు నేను పెడతాను" అనే బంధువులు కొందరు. మొదటి రకం వాళ్లు బిల్లు కట్టి వెళ్తారు.

పోయిన డిసెంబరులో ఆ మాట మా బావమరిది అన్నాడు. నేలంతా పాలరాయి, ముందు గాజు తలుపులు, మేడ మీద ఫంక్షన్ హాలు. బొమ్మ కూడా గీయించుకుని తెచ్చాడు. "ఇన్నేళ్లయినా నీ హోటల్ పెరగలేదు బావా" అన్నాడు. ఈ పత్రిక చదివేవాళ్లలో అతనిలాంటి వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, అతనికి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

మాది బరంపురం. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే తగిలే మొదటి పెద్ద ఊరు, వి.వి. గిరి పుట్టిన ఊరు. పైన పద్దెనిమిది గదుల లాడ్జి, కింద టిఫిన్లు, భోజనాలు. పెదనాన్న చేతి నుంచి గల్లాపెట్టె నా చేతికి వచ్చిన మొదటి ఏడాదే నాకు పెద్ద దెబ్బ తగిలింది. పోటీ వల్ల కాదు, పంచాంగం వల్ల.

మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా వాళ్లకు పౌర్ణమితో. కుమార పూర్ణిమ, అంటే మన ఆశ్వయుజ పౌర్ణమి, దాటిన మర్నాడే వాళ్లకు కార్తీకం మొదలు. మనకు దీపావళి వెళ్లాలి. ఈ సంగతి చిన్నప్పటి నుంచి తెలుసు, కానీ సరుకు చీటీ రాసేటప్పుడు గుర్తు రాలేదు. దీపావళి దాకా అమ్మకం బాగుంటుందని చికెన్, చేపలు ఎప్పటిలాగే తెప్పించాను. పదిహేను రోజులు అడిగిన నాథుడు లేడు. దీపావళి తర్వాత మనవాళ్లూ మానేశారు. సరే, నెల పోయినట్టేనని మాంసం వండే మాస్టరుకు సెలవిచ్చాను. కార్తీక పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి. నెలంతా నిష్ఠగా ఉన్న ఒడియా వాళ్లు మళ్లీ మాంసం ముట్టే రోజు. పన్నెండున్నరకల్లా వరండా నిండింది. ఉన్న కాస్త చికెన్ అయిపోయిందని పలక మీద సుద్దముక్కతో రాస్తుంటే, ఎదుటి హోటల్ కుర్రాడు రోడ్డు మీదికొచ్చి మా వాళ్లను అటు పిలుచుకుపోతున్నాడు. మూల కుర్చీలోంచి అంతా చూస్తున్న పెదనాన్న, "రెండు పంచాంగాలు కొనుక్కోరా" అని మాత్రం అన్నారు.

అప్పటి నుంచి గల్లాపెట్టె పైన మన పంచాంగం పక్కనే ఒడియా పంజి కూడా వేలాడుతుంది. మార్గశిర గురువారాలు వాళ్లకు లక్ష్మీపూజ, ఆ రోజుల్లో ఉల్లి, వెల్లుల్లి లేని కూరలు విడిగా వండిస్తాను. ఇలాంటివేవీ బొమ్మలో కనపడవు.

ఇక గదుల సంగతి. బావమరిది లెక్క ప్రకారం అద్దె పెంచితే ఆదాయం పెరగాలి. అద్దె 1,500 పెట్టిన రోజుల్లో నాకు సగటున ఆరు గదులు నిండేవి, రోజుకు 9,000. 1,100కు దించితే పదకొండు నిండాయి, 12,100. దుప్పట్ల ఉతుకు, సబ్బు, కరెంటు కలిపి గదికి 200 ఖర్చు తీసేసినా 7,800కు బదులు 9,900 మిగులుతోంది. ఆ అదనపు అయిదుగురూ పర్యాటకులు కారు. ఇక్కడి మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి రోగిని తెచ్చుకున్నవాళ్లు. పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి వస్తారు. వాళ్లకు పాలరాయితో పని లేదు. తెల్లవారుజామున అయిదింటికి వేడినీళ్లు, రోగికి తీసుకెళ్లడానికి కాస్త గంజి ఉంటే చాలు. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రకు ఊరంతా కిక్కిరిసినప్పుడు అద్దె రెట్టింపు చేయమని అందరూ చెబుతారు. నేను చేయను. ఆ జనంలో సగం మంది రేపు ఆసుపత్రికి వచ్చినప్పుడు మా గుమ్మం ఎక్కాల్సినవాళ్లే.

పన్ను తగ్గింది కదా అని కూడా బావమరిది అన్నాడు. నిజమే, 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. దాంతో పాటే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మనం కొన్నవాటి మీద కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, కూడా పోయింది. కొత్త గదులకు కొనే ఏసీలు, పరుపులు, మంచాల మీద కట్టే పన్ను ఇక మన నెత్తినే. ఇరవై గదులు వేసేవాడు ముందు వేయాల్సిన లెక్క ఇది.

ఇంకొకటి చెబితే నవ్వుతారు. నేను గదులు పెంచలేదు సరికదా, రెండు తగ్గించాను. గంజాం జిల్లా కుర్రాళ్లను సూరత్ మరమగ్గాలు ఎప్పుడూ పిలుస్తూనే ఉంటాయి. హోటల్లో వడ్డించే సప్లయర్లు పండక్కి ఇంటికని వెళ్లి అటునుంచి అటే రైలెక్కేసేవారు. మెట్ల కింద చాప మీద పడుకునేవాడు ఎందుకు ఆగుతాడు? పదిహేడు, పద్దెనిమిది నంబర్ల గదులు పనివాళ్లకిచ్చేశాను. ఫ్యాన్లు, మంచాలు, విడిగా స్నానాల గది. దోసెల మాస్టరు పదకొండేళ్లుగా కదలలేదు. మా దోసె రుచి మారలేదని జనం అంటే దానికి కారణం పిండి కాదు, పదిహేడో నంబరు గది.

బావమరిది చివరికి డబ్బు పెట్టాడు. మేడ మీద సౌర విద్యుత్తుతో నీళ్లు కాచే హీటరుకు, వెనుక వసారాలో దుప్పట్లు ఉతికే పెద్ద యంత్రానికి. ఫంక్షన్ హాలు బొమ్మ మాత్రం ఇంకా నా ఫోనులోనే ఉంది. ఈసారి కార్తీకానికి వస్తానని కబురు పెట్టాడు. ఏ కార్తీకానికో అడగాలి.